పేరు కొన్నవాని ఋణము

భోజనశాల యొకటి అమ్ముడుపోయినది. పాత యజమానికి నెలసొమ్ము ముందే చెల్లించి టిక్కెట్ల పుస్తకము తీసికొన్న విద్యార్థి యొకడు మరునాడు విస్తరి ముందు కూర్చుండగా, "ఆ సొమ్ము నేను పుచ్చుకొనలేదు, నాయనా, పుచ్చుకొన్నవారినే అడుగుము" అని క్రొత్త యజమాని చెప్పును. పుచ్చుకొన్నవారు ఊరు విడిచిరి. పుస్తకమున ఇంకను ఇరువది టిక్కెట్లున్నవి. బోర్డు మారలేదు, వంటవాడు మారలేదు, సాంబారు రుచియు మారలేదు. మారినదెల్ల పెట్టెకడ కూర్చుండు మనుష్యుడే. ఈ విద్యార్థికి అన్నము పెట్టవలసినవా రెవరు?

చట్టము నడిగినచో, అమ్మకము ఏ తీరున జరిగెనని అది మొదట ప్రశ్నించును. కంపెనీ వాటాలే చేతులు మారినచో కంపెనీ మారలేదు గనుక దాని బాకీలు దానిమీదనే నిలుచును. అట్లుగాక సామానును, పేరును మాత్రమే కొన్నచో, పాత ఋణములను తలకెత్తుకొందునని ఒప్పుకొన్న నే తప్ప, సాధారణముగా అవి కొన్నవానిని అంటవు. విద్యార్థి పాత యజమానిపై దావా వేయవచ్చును. ఇరువది భోజనముల కొరకు వకీలును పెట్టుకొనువా డెవడు?

మన ధర్మశాస్త్రకారులు ఇట్టి చిక్కును వారసత్వ విషయమున ఆలోచించిరి. చనిపోయినవాని ఆస్తిని ఎవడు గ్రహించునో వానిచేతనే అప్పు తీర్పింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. తండ్రి మద్యమునకును జూదమునకును చేసిన అప్పును కుమారుడు తీర్చనక్కరలేదనియు ఆ స్మృతియే చెప్పినది. ఈ రెండవమాటయే మాకు ఎక్కువ పనికివచ్చుచున్నది. పాత యజమాని కూతురి పెండ్లికి తెచ్చిన అప్పు క్రొత్తవాని కేల? అది ఆ మనుష్యుని అప్పు. టిక్కెట్ల సొమ్ము అట్టిది కాదు. అది బియ్యమునకు పోయెనో, యజమాని జేబులోనికి పోయెనో విద్యార్థి యెరుగడు; అతడు బోర్డును చూచి యిచ్చినాడు. అది అంగడి అప్పు.

కొన్నవాడు బల్లలకును పాత్రలకును వెలకట్టి ఊరకుండలేదు. పేరునకు వేరుగా వెల యిచ్చినాడు. వ్యాపారులు దానిని గుడ్‌విల్లందురు. రేపు తినబోవు అన్నమునకు నేడే సొమ్మిచ్చుటకు జనులు వెనుదీయకుండుటయే గదా ఆ పేరు! ఆ నమ్మకమును కొని, నమ్మినవానిని గడప దింపుట యెట్లు పొసగును? పేరక్కరలేదని బోర్డు దించి, ఆ గదులలో బట్టలకొట్టు పెట్టుకొన్నవానిని మేమేమియు అనము.

"అమ్మినవాడు టిక్కెట్ల లెక్క దాచినాడు, నేనును మోసపోయితిని" అని క్రొత్త యజమాని మొరపెట్టుకొనవచ్చును. జాలిపడవలసిన మాటయే. అయినను నిర్దోషులిద్దరిలో ఒకరు నష్టపోక తప్పనపుడు, లెక్కలు తెరిపించి చూడగలిగినవాడు ఎవడని అడుగవలసియున్నది. బేరమాడునపుడు కొనువానికి ఆ వీలు కలదు. విస్తరి ముందు కూర్చున్నవానికి ఎన్నడును లేదు.

పెద్ద వ్యాపారములలో ఇది సాగదనువారు 1956వ సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. జీవితబీమా జాతీయమైనపుడు 245 సంస్థల వ్యాపారము ఆ సెప్టెంబరు 1వ తేదీన ఒక్క కార్పొరేషనునకు సంక్రమించినది. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1925లో బందరున స్థాపించిన ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీయు అందులోనిదే. ఏండ్లతరబడి ప్రీమియములు కట్టినవారిని పాత కంపెనీని వెదకికొనుడని ఎవరును పంపలేదు. ఆస్తులతోపాటు బాధ్యతలును సంక్రమించినవి. వానికి కేంద్రప్రభుత్వము హామీ నిలిచినది. అయితే ఆర్థికస్థితి చెడియున్న సంస్థల పాలసీ మొత్తములను, ప్రభుత్వము ఆమోదించిన పథకము ప్రకారము తగ్గించు అధికారమును ఆ చట్టమే కార్పొరేషనున కిచ్చినది. దీనిని మేము తప్పుపట్టము. పూర్తిగా తీర్చలేనిచో ఎంత తీర్తునో బహిరంగముగా చెప్పుట ఒకటి. నీవెవరవో నేనెరుగననుట మరియొకటి.

శక్తి చాలని చిన్న యజమానియు ఇట్లే చేయవచ్చును. వారమునకు మూడు పాత టిక్కెట్ల చొప్పున పుచ్చుకొందునని గోడమీద వ్రాయించినచో ఇరువది టిక్కెట్లు ఏడువారములలో తీరిపోవును. ఇక కొనబోవువాడు బేరము ముగియకముందే కౌంటరు ఫాయిళ్లు తెప్పించి లెక్కించి, ఆ మొత్తమును వెలలో తగ్గింపుమనవలెను. అవి చూపని అమ్మకపుదారునికి వెలలో కొంతభాగము, పాత టిక్కెట్లు వచ్చుట ఆగువరకును, ఇయ్యక నిలిపియుంచవలెను.