కర్త ఒకరు, భోక్త మరొకరు

పుదుచ్చేరి పట్టణంలోని భారతి ఉద్యానవనం నడుమ తెల్లని మండపం ఒకటి ఉంది. దాని పేరు ఆయి మండపం. దానిని ఆశ్రయించుకొని ఒక ఐతిహ్యం ప్రచారంలో ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ఆ ప్రాంతం మీదుగా వెళుతూ, దీపకాంతులతో మెరుస్తున్న ఒక భవనాన్ని దేవాలయమని భ్రమించి నమస్కరించాడట. అది ఆయి అనే వేశ్య నివాసమని తెలిసి, దానిని నేలమట్టం చేయమని ఆజ్ఞాపించాడట. ఆ పని తననే చేయనివ్వమని వేడుకొన్న ఆమె, తన ఇంటిని తానే కూల్చుకొని, ఆ చోట ప్రజల కోసం చెరువు తవ్వించింది. శతాబ్దాల అనంతరం ఫ్రెంచి పాలకులు ముత్తరైయర్‌పాళయం నుండి పట్టణానికి మంచినీరు తెచ్చారు. మూడవ నెపోలియన్ హయాంలో ఆమె స్మృతిచిహ్నంగా ఈ మండపం వెలిసింది.

ఈ కథలో పొరపాటు రాజుది, శిక్ష ఆయిది, ఫలం పట్టణానిది. ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అన్నది లోకోక్తి. కర్తయే భోక్త అన్నది కర్మ సిద్ధాంతానికి ఆధారం. ప్రకృతి విషయంలో మాత్రం ఈ న్యాయం తరచు తలకిందులవుతుంది. కర్త ఒకరు, భోక్త మరొకరు. అటువంటప్పుడు బాధ్యత ఎవరిది?

ఈ ప్రశ్నకు పుదుచ్చేరి తీరమే నిదర్శనం. తూర్పు తీరంలో అలల తాకిడికి ఇసుక, ఏడాది మొత్తం మీద, దక్షిణం నుండి ఉత్తరానికి సాగుతుంది. 1980ల చివరి భాగంలో అరియాంకుప్పం నదీముఖం వద్ద ఓడరేవు కోసం సముద్రంలోకి రాతికట్టలు నిర్మించారు. దాంతో ఇసుక దక్షిణాన మేట వేసింది. ఉత్తరాన తీరం కోతకు గురైంది. ఆగిన ఇసుకను తోడి ఉత్తరానికి చేర్చాలన్న ఏర్పాటు ప్రణాళికలో ఉన్నా, అది నిరంతరాయంగా సాగలేదు. పట్టణం ఎదుట ఇసుకతిన్నె అదృశ్యమై, బండరాళ్ల గోడ మిగిలింది. ఆ గోడ పట్టణాన్ని కాపాడింది కాని, కోతను మరింత ఉత్తరానికి నెట్టింది. కురుచికుప్పం, వైత్తికుప్పం దాటి, పొరుగున ఉన్న తమిళనాడు మత్స్యకార గ్రామాల వరకు ఆ ప్రభావం పాకింది. వలలు ఆరవేసుకొనే చోటు, పడవలు నిలుపుకొనే చోటు కోల్పోయినవారికి ఓడరేవు నిర్ణయంలో పాత్ర లేదు. పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చినది కూడా అదే దశకంలో, 1986లో, అన్నది గమనార్హం.

ఆ తరువాతి కాలంలో సాధించినవి తక్కువేమీ కావు. ఊసుటేరి సరస్సులో పుదుచ్చేరి పరిధిలోని భాగాన్ని 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపకల్పనతో ఉక్కు నిర్మాణమొకటి నీటి అడుగున అమర్చబడింది. పట్టణం ముందు ఇసుకతీరం తిరిగి కనిపించింది. 2019లో ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం వచ్చింది. 2021లో చిన్న వీరాంపట్టణంలోని ఈడెన్ తీరానికి అంతర్జాతీయ నీలిజెండా గుర్తింపు లభించింది. వీటికి తోడు పాఠశాలల్లో అవగాహన కార్యక్రమాలు, జూన్ 5న పర్యావరణ దినోత్సవ సభలు జరుగుతుంటాయి.

అయితే ఇవి పుణ్యకార్యాలా, రుణ విమోచనాలా? అప్పు తీర్చినవాడు దాత కాడు. తీరం తిరిగి వచ్చినందుకు ఉత్సవం జరపడం సహజమే. అది ఎందుకు పోయిందో ఆ ఉత్సవంలో స్మరించకపోవడం న్యాయం కాదు.

మైలురాళ్లు నిరర్థకాలన్న వాదన కూడా సరికాదు. తేదీ, ప్రకటన, ధ్రువపత్రం లేకపోతే పౌరుడు అధికారిని దేని ఆధారంగా నిలదీయగలడు? ప్రకటన ఒక వాగ్దానం. వాగ్దానం ఉన్నచోటే ఉల్లంఘనను గుర్తించడం సాధ్యం. ఇంతవరకు మైలురాయి ప్రయోజనకరమే. కాని మైలురాయి నడిచిన దూరం చెబుతుందే తప్ప, నడవదు. సముద్రం ఇసుకను మోయడం ఏ ప్రారంభోత్సవంతోనూ ఆగిపోదు. కనుక ఇసుకను దాటించే పని ఏటేటా చేయవలసినదే. ఊసుటేరిలో వాలే వలస పక్షికి పుదుచ్చేరి, తమిళనాడుల మధ్య గీసిన గీత తెలియదు. తీరపు బాధ్యతకు కూడా ఆ గీత హద్దు కారాదు.

ఇక్కడే నైతిక ప్రశ్నకు సమాధానం పొడసూపుతుంది. ఫలం ఎవరిపై పడుతుందో నిర్ణయించడం కర్త చేతిలో లేకపోవచ్చు. ఆ ఫలం అనుభవించేవారిని ముందుగా అడగడం, తరువాత వారి నష్టాన్ని తన లెక్కలో రాసుకోవడం మాత్రం అతని చేతిలోనే ఉన్నాయి. సంస్థ వార్షిక నివేదికలో ఇసుక తిరిగి వచ్చిన తీరంతోపాటు, ఇంకా కోతకు గురవుతున్న ఉత్తరపు కుప్పాల పేర్లు కూడా చోటు చేసుకున్ననాడు ఆ లెక్క ధర్మబద్ధమవుతుంది.

తమిళ సీమలో చెరువుల మరమ్మతును గ్రామస్థులే చేసుకొనే కుడిమరామత్తు సంప్రదాయం ఉండేది. దానికి స్మారకాలు లేవు. ఏటా పూడిక తీయడమే దాని ఆనవాలు. ఆయికి మండపం కట్టినది చక్రవర్తి కాలం. ఆమె చెరువును నిలిపినది మాత్రం, ప్రతి వేసవిలో పలుగు పట్టిన పేరులేని చేతులు.