నిప్పు నార్పువారి సహవాసము



కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పల్లెలో జరిగిన కూటములో నేను కూర్చుండి వింటిని. ఆ వేసవిలో ఆ పల్లెలో పదునొకండు తాటాకు ఇండ్లు ఒక్క మధ్యాహ్నములో కాలిపోయెను. పట్టణమునుండి ఫైరింజను వచ్చునప్పటికి వాసములు సహితము బూడిదయై యుండెను. గనుక యువకులు కొందరు కూడి, ఇంటింటికి చందా వేసికొని, రెండు పొడవైన నిచ్చెనలు, కప్పు లాగుటకు ఇనుప కొక్కెములు, ముప్పది బక్కెట్లు, వీలైనయెడల ఒక ఆయిలింజను, దానికి గొట్టము కొనవలెనని తలచిరి. మాట అందరికి నచ్చెను. అంతట వెనుకనుండి ఒక పెద్దాయన లేచి, "బాగానే ఉంది గాని అబ్బాయీ, చందా ఇయ్యనోడి ఇల్లు అంటుకుంటే ఏం చేస్తారు?" అని యడిగెను.

"చూస్తూ ఊరుకుంటామా తాతా? ఆర్పుతాం," అనెను ఆ యువకుడు.

"మరి అట్లయితే నేనెందుకివ్వాలి?"

కొందరు నవ్విరి గాని ఆయన నవ్వులకు అడుగలేదు. ఆయన పేదవాడు, కూలి చేసి బ్రదుకువాడు. ఇచ్చెదనన్న పైకము ఆయనకు చిన్నది కాదు. అర్ధరాత్రి దాటినను ఆ సంగతి తెగలేదు. నన్నడిగిరి. నాకేమియు తోచలేదు. అటుపిమ్మట ఈ ప్రశ్న అనేక పర్యాయములు నాకు జ్ఞాపకమునకు వచ్చుచున్నది.

ఇది మన పల్లెలలో మొదట పుట్టిన ప్రశ్న కాదు. స్కాట్లండు దేశమందలి ఎడిన్‌బరో పట్టణములో 1824 వరకు నిప్పునార్పు యంత్రములుండెను గాని, అందరికి ఒక్క దళము లేదు. ఇన్సూరెన్సు కంపెనీలు వేటి యంత్రములను అవి ఉంచుకొనెను. 1824లో వీటిని కలిపి ఒక్క దళముగా చేసి, దానిపైన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ అను యువకుని నియమించిరి. ఆయన 1800లో పుట్టినవాడు. ఇండ్లు కట్టు పని యెరిగినవాడు. ఆయన తన దళమునకు ఏర్పరచుకొన్నవారు వడ్రంగులు, తాపీ పనివారు, కమ్మరులు, ఇండ్ల పైకప్పులకు రాతి పలకలు పరచువారు. పలకలు పరచువానికి ఎత్తున నడచుట అలవాటు. దూలము ఎప్పుడు విరుగునో వడ్రంగి యెరుగును. గోడ ఎటు ఒరుగునో తాపీవాడు చూచి చెప్పగలడు. పగలు ఎవరి పని వారు చేసికొనుచు, తెల్లవారకముందే చీకటిలో లేచి కూడి యంత్రములు త్రిప్పుట, నిచ్చెనలెక్కుట అభ్యాసము చేసిరి. చీకటిలో పని నేర్చినవానికి పొగలో తడబాటు తక్కువ.

దళము ఏర్పడి కొన్ని వారములైనను గడువకమునుపే, ఆ సంవత్సరము నవంబరు 15వ తేదీ రాత్రి, ఆ పట్టణపు పాత వీధులలో గొప్ప అగ్ని పుట్టెను. అక్కడి మేడలు మిక్కిలి ఎత్తైనవి, సందులు ఇద్దరు మనుష్యులు ప్రక్క ప్రక్కన పోలేనంత ఇరుకైనవి. కొన్ని దినములు మండి, వందలకొలది కుటుంబములను వీధిలో నిలిపి, ట్రాన్ అను దేవాలయపు శిఖరమును సహితము కాల్చివేసెను. ఆ రాత్రి లోపించినది నీళ్లు మాత్రమే కాదు. ఆజ్ఞలిచ్చువారు అనేకులైరి. న్యాయాధికారులు ఒక ప్రక్కకు పొమ్మనిరి, పట్టణపు పెద్దలు మరియొక ప్రక్కకు పొమ్మనిరి. ఎవని మాట వినవలెనో పనివానికి తెలియలేదు. ఆ కీడు తరువాత, నిప్పు దగ్గర దళపతి ఒక్కని మాటయే చెల్లవలెనని నిర్ణయించిరి. (మన సంఘ కమిటీలలో కూర్చుండువారు ఈ సంగతి రెండుమారులు చదివినను తప్పులేదు.)

తరువాత బ్రెయిడ్‌వుడ్‌ను లండనునకు పిలిచిరి. అక్కడ పది ఇన్సూరెన్సు కంపెనీలు తమ మనుష్యులను కలిపి 1833 జనవరి 1వ తేదీన ఒక దళమును స్థాపించెను. సుమారు 80 మంది. జీతము కంపెనీలది; కంపెనీల కోరిక తాము బీమా చేసిన ఆస్తి నిలువవలెనని. ప్రాణములను రక్షించుట ఆ దళము చేయవలసిన పనిగా కంపెనీలు ఎంచలేదు! ఆ పనికి దాతల చందాలతో నడచు వేరొక సంఘముండెను. అది చక్రముల నిచ్చెనలను వీధులలో నిలిపి, కావలివారిని పెట్టెను. సరకునకు జీతగాండ్ర దళము, ప్రాణమునకు ధర్మచందా. లోకపు లెక్క అప్పుడు అట్లుండెను.

అయితే పని లెక్కల ప్రకారము నడువలేదు. గంట మ్రోగినప్పుడు బ్రెయిడ్‌వుడ్ మనుష్యులు బీమా చేసిన యింటికిని చేయని యింటికిని ఒక్క రీతిగానే పరుగెత్తిరి. బీమా లేని యిల్లు మండనిచ్చినయెడల దాని ప్రక్కనున్న బీమా ఇల్లు దక్కునా? మన తాటాకు ఇండ్లవారికి ఇది ఎవరును చెప్పనక్కరలేదు. అంటుకొన్న యిల్లు పోయినట్టే. గోనెలు తడిపి వేయుట, కప్పు లాగివేయుట, ఇవన్నియు ప్రక్క యింటికొరకే.

1834 అక్టోబరు 16వ తేదీ రాత్రి లండనులో పార్లమెంటు భవనము అంటుకొనెను. ఆ భవనమునకు బీమా లేదు. అనగా, ఆ రాజ్యపు ప్రభుత్వమే ఆ రాత్రి చందా ఇయ్యనివాడు! అయినను ఆ దళము వెళ్లి రాత్రియంతయు ప్రయాసపడెను. భవనములో ఎక్కువ భాగము కాలిపోయినను, వెస్ట్‌మినిస్టర్ హాలు అను పురాతనమైన గొప్పశాల దక్కెను, నేటికిని నిలిచియున్నది. ఇంత జరిగియు, అగ్నిమాపక భారమును ప్రజలందరి పక్షముగా ఎత్తుకొనుటకు చట్టము వచ్చినది 1865లోనే.

ఇక మన కాలమునకు వత్తము. 2010 సెప్టెంబరులో అమెరికా దేశమందు టెనెసీ రాష్ట్రములో సౌత్ ఫుల్టన్ అను చిన్న పట్టణపు పొలిమేర వెలుపల ఒక యిల్లు అంటుకొనెను. అప్పట్లో పట్టణపు వెలుపలివారు సంవత్సరమునకు 75 డాలర్లు చెల్లించినయెడల ఆ పట్టణపు దళము వచ్చెడిది. ఆ యింటివారు ఆ సంవత్సరము చెల్లించలేదు. ఎంతయైన నిచ్చెదమని వారు అప్పుడు బ్రతిమాలినను దళము రాలేదు. తరువాత నిప్పు ప్రక్క పొలమునకు ప్రాకెను. ఆ పొలమువాడు చెల్లించియుండెను. అప్పుడు దళము వచ్చి పొలముమీద నీళ్లు చల్లి, ఇల్లు కాలుచుండగా చూచుచు నిలిచెను. ఆ యింటి కుక్కలు, పిల్లి లోపలనే చచ్చెను.

ఈ సంగతి వినగానే మనకు కోపము వచ్చును. నాకును వచ్చెను. అయినను మన పెద్దాయన ప్రశ్న దీనిలో ఉన్నది, దానిని కోపముతో కొట్టివేయరాదు. ఇయ్యనివానికిని ఇచ్చినవానితో సమానముగా నీళ్లు దొరికినయెడల, మరుసటి సంవత్సరము ఇచ్చువారు తగ్గుదురు. ఆ మరుసటి సంవత్సరము ఇంజనుకు నూనె ఉండదు. అప్పుడు ఇచ్చినవాని యిల్లును కాలును, ఇయ్యనివాని యిల్లును కాలును. పదిమంది కన్యకల ఉపమానములో బుద్ధిగలవారు నూనె పంచియిచ్చిరా అని యొకరు నన్నడిగిరి. మంచి ప్రశ్నయే. కాని ఆ దివిటీ యెవరిది వారిది; ఒకరి సిద్ధపాటు మరియొకరికి అరువియ్యదగినది కాదని అక్కడి సంగతి. గొట్టములోని నీళ్లు అట్టివి కావు. నా పొరుగువానిమీద పోసిన నీళ్లు నా యింటిమీద పోసినట్టే యగును.

నాకు ఎక్కువగా తోచునది మంచి సమరయుని సంచి. దారిలో పడియున్నవానిని చూచునప్పటికి ఆయన యొద్ద నూనె, ద్రాక్షారసము, పూటకూళ్లవాని కిచ్చుటకు రెండు దేనారములు ఉండెను. అవి ఎక్కడనుండి వచ్చెను? మునుపే సంపాదించి, సిద్ధపరచి, సంచిలో పెట్టుకొన్నవి. జాలి మాత్రమే యుండి సంచి వట్టిదైనయెడల గాయపడినవానికి ఏమి మేలు? గనుక చందా వసూలు చేయువాడు గట్టిగానే వసూలు చేయవలెను; దానిలో మొగమాట మక్కరలేదు. పెద్దాయనను తప్పించుకొని తిరుగు ధనికుని వాకిట రెండుమారులు నిలువవలసివచ్చినను నిలువవలెను. ఆర్పిన తరువాత లెక్క అడుగు పద్ధతియు లోకములో కలదు. అయితే ఇల్లు మండుచున్నప్పుడు రసీదు పుస్తకము తెరచుటకు సమయము కాదు. ఇంత చేసినను, సంవత్సరముల తరబడి ఇయ్యక, మన నీళ్లతో తన యిల్లు దక్కించుకొనువాడొకడు ఉండును. వానివలన మనకు నష్టమే. కాదని నేను చెప్పను. ఆ నష్టము భరించుటయు చందాలో ఒక భాగమని నేను అనుకొనుచున్నాను.

మరియొక సంగతి. సౌత్ ఫుల్టనులో ఇల్లు పోగొట్టుకొన్నవారి విషయమై అందరు మాటలాడిరి. నేను గొట్టము చేతబట్టుకొని నిలిచినవారి విషయమై ఆలోచించితిని. వారికి పని తెలియును, నీళ్లున్నవి, మంట కన్నులయెదుట నున్నది, పోయవద్దని ఆజ్ఞ. ఆ దేశపు అగ్నిమాపకుల సంఘమే ఆ పనిని ఖండించెను. అది సహజము. ఈ పనివారి స్నేహము మనము ఊరికే మెచ్చుకొనునట్టి స్నేహము కాదు. వారు ఒక్క కప్పుక్రింద నిద్రించి, ఒక్క కుండలోనిది తిని, ఒకని తొడుగును మరియొకడు సరిచూచి, అగ్నిలోనికి పోవునప్పుడు ఒంటరిగా పోరు. అమెరికాలో 1998 నుండి ఇది చట్టముగానే యున్నది: పొగలోనికి ఇద్దరు కలిసి వెళ్లవలెను, బయట మరి ఇద్దరు సిద్ధముగా నిలువవలెను. ఇద్దరు ఒక్కనికంటె మేలని ప్రసంగి గ్రంథములో చదివిన మనకు ఇది క్రొత్త కాదు. కాని ఆ ఇద్దరు ఒకరికొరకు ఒకరు కూడినవారు కారు. మూడవవాడు ఒకడు లోపల ఉన్నాడు గనుక కూడిరి, వానిని వారెరుగరు. ఆ మూడవవానిని తీసివేసిన తరువాత మిగులునది భోజనపు పంక్తి మాత్రమే.

అయితే లోపల మనిషి లేక వట్టి సరకే యున్నప్పుడో? ఒకని ప్రత్తి మూటలకొరకు మరియొకడు చావవచ్చునా? ఈ ప్రశ్న మొదటిదానికంటె కష్టమైనది. 1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో ప్రత్తి బేళ్లును ప్రేలుడు సామగ్రియును కలిపి నింపిన ఓడ అంటుకొని ప్రేలగా, దానిని ఆర్పుచుండిన దళములోనివారు 66 మంది చనిపోయిరి. వారి జ్ఞాపకార్థమే మన తెలుగు రాష్ట్రములలోని ఫైరు స్టేషనులలోను ఏటేట ఏప్రిల్ 14 మొదలుకొని వారము దినములు ఆచరించుదురు. ఆ ఓడలోని ప్రత్తి ఎవనిదో వారడిగియుండరు.

బ్రెయిడ్‌వుడ్ మరణమును అట్టిదే. 1861 జూన్ 22వ తేదీ, శనివారము, లండనులో థేమ్సు నది యొడ్డున టూలీ వీధిలోని గిడ్డంగులు అంటుకొనెను. జనుము, ప్రత్తి, పంచదార, తేయాకు, పశువుల క్రొవ్వు. ఒక గదిలోని నిప్పు మరియొక గదికి పోకుండ ఇనుప తలుపులు పెట్టియుండిరి. వాటిని మూయక విడిచిపెట్టిరని చెప్పుదురు. కరిగిన క్రొవ్వు మండుచు నదిమీద ప్రవహించెను. చేతి యంత్రములను త్రొక్కుటకు వీధిలోని జనులను కూలికి పిలుచు కాలమది. మొదటి గంటకు ఒక షిల్లింగు, తరువాత గంటకు ఆరు పెన్నీలు, పైగా బీరు. బీరు రానిదే చేతులు ఆడవని వారు కేకలు వేయుటయు కలదు. (ఇట్టివారిని పెట్టుకొనియు ఆయన పని సాగించెనని గమనించుడి.)

ఆ సాయంకాలము బ్రెయిడ్‌వుడ్ అరువది యొకటవ యేట నున్నాడు. వేడికిని పొగకును సొమ్మసిల్లుచున్న తన మనుష్యులయొద్దకు సందులోగుండ నడచివచ్చెను. ఒకని చేయి తెగియుండుట చూచి, తన మెడనున్న పట్టు రుమాలు విప్పి కట్టు కట్టెనని చెప్పుదురు. అటుపిమ్మట ముందున్నవారిని చూచుటకు పోవుచుండగా గోడ కూలి ఆయనమీద పడెను. అగ్ని రెండు వారములు మండెను. ఆయన దేహమును వెలికితీయుటకే రెండు దినములు పట్టెను.

గిడ్డంగులలోని తేయాకు కొరకు ఆయన చనిపోయెనని లెక్క వ్రాయువారు వ్రాయవచ్చును. నాకు అట్లు కనబడుట లేదు. తేయాకు గోడలకు లోపల నున్నది. ఆయన గోడకు వెలుపల, అలసిన తన మనుష్యుల మధ్య ఉండెను. ఆ సందులో ఆయన తడవిచూచినది ఒకని చేయి.

జూన్ 29న ఆయనను అబ్నీ పార్కు శ్మశానమునకు తీసికొనిపోయిరి. ఊరేగింపు మైలున్నర పొడవుండెను. పట్టణములోని దేవాలయముల గంటలు మెల్లమెల్లగా మ్రోగెను. ఆయన కోటుకున్న బొత్తాములను ఊడదీసి దళములోనివారికి పంచిపెట్టిరి.