గోపురం ఎప్పుడు పూర్తవుతుంది?

స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో వాల్స్ అనే పట్టణం ఉంది. సెయింట్ జాన్ పండుగనాడు అక్కడికి చేరిన యాత్రికుని చూపు సహజంగా ఆకాశంవైపే సాగుతుంది. మనుషుల భుజాలపై మనుషులు నిలిచి నిర్మించే గోపురాన్ని అక్కడివారు ‘కస్తెల్’ అంటారు. అది ఎనిమిది, తొమ్మిది, అరుదుగా పది అంతస్తుల ఎత్తుకు చేరుతుంది. పద్దెనిమిదో శతాబ్ది చివర ఈ ప్రాంతంలో రూపుదిద్దుకున్న ఈ ఆచారాన్ని 2010లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

గోపురం అడుగున వందలాది మంది ఒకరినొకరు అదిమిపట్టుకొని నిలుస్తారు. పైన జరిగేది వారిలో అనేకులకు కనిపించదు. సన్నాయిని పోలిన ‘గ్రాల్యా’ నాదమే పైసంగతి వారికి తెలుపుతుంది. తాము చూడలేని విజయానికై భారం మోసే ఈ నిష్కామ శ్రమ యాత్రికుణ్ణి ముగ్ధుణ్ణి చేస్తుంది.

అయితే శిఖరాన్ని చేరి చేయెత్తేది ఒక పసిబిడ్డ. తేలికైన దేహం కావాలి గనుక పిల్లలే ఎక్కాలి. సమష్టి కీర్తికోసం ప్రమాదాన్ని పసివారి భుజాలపై ఉంచే హక్కు పెద్దలకున్నదా? 2006లో ఒక బాలిక గోపురం నుంచి పడి మరణించింది. ఆ తరువాత పై అంతస్తుల పిల్లలకు శిరస్త్రాణం తప్పనిసరి అయింది.

ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. మహారాష్ట్రలో కృష్ణాష్టమికి ఉట్టి కొట్టే మానవ గోపురాలలో 18 ఏళ్లలోపువారు పాల్గొనరాదని 2014లో బొంబాయి హైకోర్టు ఆదేశించింది. 2017లో ఆ పరిమితి 14 ఏళ్లకు మారింది. నిషేధించడం ఒక మార్గం, జాగ్రత్తలతో కొనసాగించడం మరొక మార్గం. రెండింటి వెనుకా ఉన్న ఆందోళన ఒక్కటే.

కాటలోనియా సంప్రదాయంలోనే దీనికి కొంత సమాధానం ఉంది. బిడ్డ చేయెత్తినంత మాత్రాన గోపురం పూర్తి అయినట్లు కాదు. అందరూ క్షేమంగా దిగివచ్చినప్పుడే దానికి సంపూర్ణ గౌరవం దక్కుతుంది. దిగేటప్పుడు కూలితే ఘనత తగ్గుతుంది. ఈ నియమం ప్రమాదాన్ని తొలగించదు, పెద్దల బాధ్యతను తీర్చదు. కాని ఎక్కించినవారే దించే భారాన్నీ మోయాలని అది శాసిస్తుంది. అందుకే అనుభవం గల యాత్రికుడు బిడ్డ చేయెత్తగానే చప్పట్లు కొట్టడు. చివరి పాదం నేలను తాకేదాకా, అక్కడివారితోపాటు, ఊపిరి బిగబట్టి నిలుస్తాడు.