దర్బారు ముక్కలో ఉన్నది ఎవరు?

టారో పేకలోని 78 ముక్కల్లో అర్థం చెప్పేవారిని అన్నిటికంటె ఎక్కువగా తికమకపెట్టేవి పదహారు దర్బారు ముక్కలు, అంటే దండాలు, పాత్రలు, ఖడ్గాలు, నాణేలు అనే నాలుగు జాతుల్లోనూ నలుగురు చొప్పున కనిపించే రాజు, రాణి, ఆశ్వికుడు, పరిచారకుడు. మిగిలిన ముక్కలు స్థితినో సంఘటననో సూచిస్తే ఇవి మనిషి ముఖాన్ని చూపుతాయి కాబట్టి, ఆ మనిషి అడగవచ్చినవారి బంధువా, వారి స్వభావంలోని ఒక పార్శ్వమా, లేక రాబోయే పరిణామమా అన్న చిక్కు తప్పదు.

మొదటి సమాధానానికి పాత పుస్తకాల బలం ఉంది. 1909లో వెలువడిన ప్రసిద్ధ టారో పేకకు రూపకల్పన చేసిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్, జుట్టు రంగునూ మేనిచాయనూ బట్టి మనిషికి తగిన జాతిని ఎంచే పద్ధతిని నమోదు చేశాడు. బంగారు జుట్టువారికి దండాలు, నల్లని జుట్టు, నల్లని కళ్ళు గలవారికి నాణేలు. విశాఖపట్నం దగ్గరి రుషికొండ తీరంలో ఈ పద్ధతిని పాటిస్తే దాదాపు అందరూ నాణేల జాతిలోనే పడతారు, తక్కిన మూడు జాతుల దర్బారులూ ఖాళీగా మిగులుతాయి. ఒక నేలపై మనుషుల పోలికలను చూసి కట్టిన సూత్రం మరో నేలపై నిలవలేదంటే, ముక్క అర్థం రూపంలో లేదనే అనుకోవాలి.

ఈ విషయంలో తెలుగు నేలకు దగ్గరి సాక్ష్యం గంజీఫా, అంటే నిర్మల్ చిత్రకారులు కూడా చేత్తో చిత్రించిన గుండ్రని పేక. అందులో ప్రతి జాతికీ రాజు, మంత్రి అనే రెండే దర్బారు ముక్కలు. అక్బరు ఆస్థానంలో ఆడిన పన్నెండు జాతుల పేకను వర్ణిస్తూ చరిత్రకారుడు అబుల్ ఫజల్, అందులోని రాజుల్లో అశ్వపతిని ఢిల్లీ పాలకుడితోనూ, గజపతిని ఒరిస్సా పాలకుడితోనూ, నరపతిని బీజాపూరు పాలకులతోనూ పోల్చాడు. తెలుగు చారిత్రక రచనల్లో మాత్రం నరపతి విజయనగర ప్రభువు. 1565 తర్వాత ఆ సామ్రాజ్యం చితికిపోయినా, కాల్బలమే బలంగా గల రాజు అనే ఆ స్థానం చెరిగిపోలేదు, దానిలో కూర్చున్నవారు మాత్రమే మారారు. రుషికొండకు పడమట ఉన్న సింహాచలంలో 1516 నాటి శాసనం, గజపతిపై దండెత్తి వచ్చిన కృష్ణదేవరాయలు స్వామికి ఆభరణాలు సమర్పించిన సంగతిని చెబుతుంది; ఒరిస్సాలో గజపతుల సామ్రాజ్యం ముగిశాక కూడా ఆ బిరుదు విజయనగరం సంస్థానాధీశులైన పూసపాటి వంశంలో కొనసాగింది. బిరుదు ఒక వ్యక్తి పేరు కాదు, అధికారాన్ని వహించే ఒక తీరు. దర్బారు ముక్క కూడా అంతే.

ఆలంకారికులు చెప్పిన లక్షణావృత్తి, అంటే పదం తన నేరు అర్థాన్ని విడిచి దానితో సంబంధమున్న మరో అర్థాన్ని ఇచ్చే శక్తి, ఇక్కడ అక్కరకు వస్తుంది. గంగలో పల్లె అన్నప్పుడు నీటిలో ఇళ్ళు ఉండడం పొసగదు కనుక, గంగకు ఆనుకొని ఉన్న ఒడ్డు అని గ్రహిస్తాం. అలా గ్రహించడానికి ముఖ్యార్థం పొసగకపోవడం, దానితో సంబంధం, రూఢి గాని ప్రయోజనం గాని, ఈ మూడూ ఉండాలని మమ్మటుడు కావ్యప్రకాశంలో చెప్పాడు. ఖడ్గాల రాణి ఎదుట పడినప్పుడు, కత్తి పట్టిన రాణి ఎవరి ఇంటా ఉండదు గనుక మొదటి నియమం తీరుతుంది. కత్తికీ ఖండించి చూసే బుద్ధికీ ఉన్న పోలిక వల్ల రెండోదీ తీరుతుంది. ఆ బుద్ధిని అడిగినవారి అత్తగారికో తోడికోడలికో అంటగట్టడానికి మాత్రం మూడో నియమం కోరే రూఢి గాని ప్రయోజనం గాని, ముక్కలో ఏ ఆధారమూ లేదు. అలా పేరు పెట్టిన జోస్యం, ఆ గదిలో లేని, తన మాట చెప్పుకోలేని ఒక స్త్రీపై అనుమానం నాటుతుంది. ఆమె అదే సాయంత్రం అదే ఇంట్లో, అదే పొయ్యి దగ్గర ఆ అనుమానానికి ఎదురుపడాలి.