దూలములును పలకలును

ప్రాతదియైన మాత్రమున నే వస్తువును పూజ్యము కాదు. ఆ కారణముచేతనే త్యాజ్యమును గాదు. ఈ మాట నెల్లరు నొప్పుకొందురు. కాని దేనిని నిలుపవలె, దేనిని విడువవలె నను విచారము వచ్చినప్పుడు మనలో కొందఱు కన్నులు మూసికొని నిలుపుదురు. కొందఱు కన్నులు మూసికొని కూల్చుదురు. ఈ రెంటికిని నడుమ నొక తెరువు గలదని అమెరికాదేశపు పల్లెలలోని కొయ్యవంతెనలు చూపుచున్నవి.

అయోవా రాష్ట్రమున మాడిసన్ కౌంటీ యనునది సేద్యముచే బ్రతుకు సీమ. అచ్చట పందొమ్మిదవ శతాబ్దమున వాగులపై కొయ్యవంతెనలు కట్టి, వానికి ఇండ్లకువలె గోడలును పైకప్పును అమర్చిరి. అట్టివి 19 ఉండగా నేడు 6 మాత్రమే మిగిలినవి. ఆ కప్పు సొగసునకై వేసినదని చూచువారు తలంతురు. అది పొరపాటు. బరువు మోయు పెద్ద దూలములు మిక్కిలి వెలగలవి. వానకు తడిసి యెండకు ఎండినచో త్వరలోనే పుచ్చిపోవును. కప్పునకు వాడిన పలకలు చౌక. చెడినవానిని ఊడదీసి క్రొత్తవి కొట్టవచ్చును. పలకలు తాము శిథిలమగుచు దూలములను బ్రతికించుచుండెను. ఏది మోయునదియో, ఏది కాచునదియో ఆ పల్లెవారు చక్కగ నెఱుగుదురు.

వానిలో సీడార్ వంతెన 1883లో కట్టబడినది. దాని చిత్రము 1992లో వెలువడిన యొక నవలకు ముఖచిత్రమై లోకమునకు తెలిసినది. 2002లో ఎవరో నిప్పు పెట్టగా కాలిపోయెను. పూర్వపు కొలతల ననుసరించి జనులు 2004లో మరల కట్టిరి. 2017లో అదియు తగులబెట్టబడెను. 2019 నాటికి మూడవసారి నిలిచెను.

నేడున్నది ఆ వంతెనయేనా? కొలతలవే, రూపమదే, కావున వంతెనయు నదేయని యొకరందురు. కాలిన కొయ్య మరల రాదు, ఇది వట్టి బొమ్మయని మఱియొకరందురు. ఇరువురి మాటలయందును సగము సత్యము గలదు. కట్టు విద్యయు, కట్టవలెనను పట్టుదలయు జనులలో నిలిచియున్నంతవఱకు వంతెన చావలేదు. కాని 1883 నాటి పనివాని చేతిగుఱుతులను ఎంత ధనమును మరల తేజాలదు. మరల కట్టుకొనవచ్చునులే యని కాపలా మానుట తగదు.

పన్నుల సొమ్మును బడులకు గాక ప్రాతకొయ్యకు వెచ్చించుట న్యాయమా యని యడుగువారు గలరు. ఆ ప్రశ్న తేలికయైనది కాదు. బిడ్డకు బడి లేనిచోట వంతెనకు రంగు వేయుదురేని నేను బిడ్డ పక్షముననే నిలుతును. కాని ఏటేట పలక మార్చుటకు పట్టు వ్యయ మల్పము. అశ్రద్ధచేసి దూలము పోగొట్టుకొన్న పిమ్మట పట్టు వ్యయమే భారము. పొదుపరియే ముందుగా కప్పు బాగుచేయించును.

చదువరులారా! సంఘమునకును దూలములును పలకలును గలవు. సత్యము, దయ, న్యాయము దూలములు. ఆచారములు వానిని కాచుటకై యేర్పడిన పలకలు. పుచ్చిన పలకను ఊడదీయువానిని వంతెనకు శత్రువని మనము దూషించుచున్నాము. దూలము పుచ్చుచున్నను పలకలకు రంగు వేయువానిని భక్తుడని కొనియాడుచున్నాము. రేపు ఆ వంతెనపై నడువవలసినవారు మన బిడ్డలు. వారి కాలిక్రింద దూలము గట్టిగ నున్నదో లేదో నేడే తట్టి చూడుడు.