కృష్ణుడి పుట్టినరోజు పార్టీలో ఏం జరిగింది? చిన్ని కృష్ణుడి థీమ్ ప్లాన్ చేసేవాళ్ళ కోసం



మా అక్క కొడుక్కి వచ్చే నెలలో మూడేళ్ళు నిండుతాయి. థీమ్ ఆల్రెడీ ఫిక్స్: చిన్ని కృష్ణుడు. ప్లానింగ్ మేనమామనైన నా మీద పడింది. ఆఫీసులో రిలీజ్‌కి చేసినట్టే ఒక షీట్ ఓపెన్ చేశాను. హాల్, డెకరేషన్, కేక్, ఫొటోగ్రాఫర్, రిటర్న్ గిఫ్ట్స్. షీట్ సగం కూడా నిండకముందే ఇంట్లో రెండు వర్గాలు తయారయ్యాయి. అమ్మేమో "తిథి చూసి తలంటు పోసి, గుళ్ళో అర్చన చేయించి, ఇంట్లో పరవాన్నం వండితే చాలదురా? ఈ హంగామా అంతా మనదేనా?" అంటుంది. బావేమో "అత్తయ్య గారూ, వాడి ఫ్రెండ్సందరికీ చేస్తున్నారు కదండీ" అంటాడు.

మీ ఇళ్ళల్లో కూడా ఇదే డిబేట్ నడుస్తూ ఉండొచ్చు. అందుకే భాగవతం దశమ స్కంధం తీసి కూర్చున్నాను. అందులో కృష్ణుడి జన్మనక్షత్రం రోజు చేసిన వేడుక ఉంది. ఒకటి కాదు, రెండు చోట్ల ఉంది. మొదటి దాంట్లో జరిగింది ప్రతి అమ్మా నాన్నా ఒకసారి వినాలి.

కృష్ణుడికి అప్పటికి మూడు నెలలు. బోర్లా పడ్డాడు. మనం బోర్లా పడితే బొబ్బట్లు చేస్తామే, అలాంటి సందర్భం. అదే రోజు జన్మనక్షత్రం రోహిణి కూడా కలిసొచ్చింది. ఇంక చూడండి, యశోదమ్మ ఇల్లు ఎలా ఉంటుందో! ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చారు. పాటలు, వాద్యాలు, వేదమంత్రాలు. పిల్లవాడికి మంగళస్నానం చేయించారు. మంత్రాలు చదివిన బ్రాహ్మణులకి భోజనం, బట్టలు, పూలదండలు, ఆవులు. అమ్మా, అంటే హంగామా మనదే. ఆ విషయంలో బావ గెలిచాడు.

కానీ కథ అక్కడ ఆగలేదు. ఇంత సందడిలో పిల్లవాడి కళ్ళు మూతలు పడుతున్నాయి. యశోద అది గమనించింది. మెల్లగా తీసుకెళ్ళి ఒక బండి కింద నీడలో పడుకోబెట్టి, మళ్ళీ అతిథుల దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి వాడికి మెలకువ వచ్చింది. ఆకలేసింది. పాల కోసం ఏడ్చాడు. ఆమెకి వినపడలేదు. వచ్చినవాళ్ళకి మర్యాదలు చేయడంలో ఆమె మనసంతా మునిగిపోయి ఉంది. ఏడుస్తూ ఏడుస్తూ కాళ్ళు పైకి విదిలించాడు. చిగురాకులాంటి ఆ కాలు తగిలి అంత బండీ తిరగబడింది. కుండలు పగిలాయి, చక్రాలు, ఇరుసు చెల్లాచెదురయ్యాయి. మనం శకటాసుర వధ అని చెప్పుకునే కథ ఇదే.

ఎన్నోసార్లు విన్నాం కదా ఈ కథ! నేను మాత్రం ఎప్పుడూ రాక్షసుడి దగ్గరే ఆగాను. పార్టీ షీట్ పక్కన పెట్టుకుని చదివితే కనపడింది వేరే. ఆ వేడుక ఎవరి కోసమో వాడి ఏడుపే ఆ వేడుకలో ఎవరికీ వినపడలేదు.

శుకమహర్షి దీనికి యశోదని తిట్టడు. ఆ చోటే ఆమెని 'మనస్విని' అంటాడు. ఆవిడ ప్రేమకి ఏం తక్కువ? నిద్ర వస్తోందని చూసి పడుకోబెట్టింది కూడా. ఇంటినిండా చుట్టాలున్నప్పుడు ఎంత మంచి తల్లికైనా చెవులు అటే ఉంటాయి. అంతే.

ఇంకో మాట. బండి పక్కనే ఆడుకుంటున్న పిల్లలు పెద్దవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పారు, "వీడే ఏడుస్తూ కాలితో తన్నాడు" అని. గోపాలురు నమ్మలేదు. పిల్లల మాటలే అనుకున్నారు. యశోద మాత్రం ముందు ఏడుస్తున్న బిడ్డని ఎత్తుకుంది, ఏ గ్రహదోషమో అని మంత్రాలు చదివించింది, పాలిచ్చింది. బండిని మళ్ళీ నిలబెట్టిన సంగతి ఆ తర్వాతి శ్లోకంలో వస్తుంది.

ఇప్పుడు మన ఫంక్షన్ హాల్‌కి రండి. కార్డు మీద టైమ్ సాయంత్రం ఏడు. ట్రాఫిక్ దాటుకుని జనం వచ్చేసరికి ఎనిమిదిన్నర. కేక్ తొమ్మిదిన్నరకి. మూడేళ్ళ పిల్లాడు ఎనిమిదింటికే పడుకునే రకం. నెత్తిన కిరీటం గుచ్చుకుంటోంది, మెళ్ళో పూసలు, మొహం మీద ఫ్లాష్, పక్కన స్పీకర్లు. "ఇంటికెళ్దాం" అని ఏడుస్తుంటే, "ఒక్క ఫొటో నాన్నా, ఇటు చూడు, స్మైల్!" ఇలాంటివి ఎన్ని చూడలేదు మనం?

అందుకని నా షీట్‌లో మొదటి గడి మార్చేశాను. ఆదివారం ఉదయం పదిన్నర నుంచి పన్నెండున్నర. ఒంటిగంటకి వాడు నిద్రపోవాలి. హాల్ పక్కనే ఒక గది, ఫ్యాన్, పరుపు. అతిథుల్ని చూసుకునే పని నాదీ బావదీ. అక్క డ్యూటీ ఒక్కటే, వాడి దగ్గర ఉండటం. వేషం అంటే ఎలాస్టిక్ ఉన్న పట్టుపంచె, ఒక నెమలీక. బరువు కిరీటం లేదు. వారం ముందే ఇంట్లో వేసి చూస్తాం. వద్దంటే వద్దు, టీషర్టుతోనే ఫొటోలు.

ఆటలకి గూగుల్ అక్కర్లేదు, భాగవతం చాలు. గోపబాలురు అడవిలో ఏం ఆడారో వరసగా ఉంది. ఎగిరే పక్షుల నీడలతో పరుగెత్తారు. హంసల్లా నడిచారు, నెమళ్ళలా ఆడారు, కోయిలలతో పాటు కూశారు, తుమ్మెదలతో కలిసి రొద పెట్టారు. మూడేళ్ళ పిల్లలకి ఇంతకంటే మంచి గేమ్ ఏ ఈవెంట్ మేనేజర్ ఇస్తాడు? ఒకరి చద్దిమూట ఇంకొకరు దొంగిలించి, దొరికిపోగానే దూరంగా విసిరి, అక్కడివాళ్ళు ఇంకా దూరం విసిరి, చివరికి నవ్వుతూ తిరిగిచ్చేవారు. మన పాసింగ్ ది పార్సిల్ అన్నమాట! ఉట్టి కూడా కడతాం, కానీ మట్టికుండ కాదు. పెంకులు పిల్లల కాళ్ళలో దిగుతాయి. అట్టపెట్టెకి మట్టిరంగు వేస్తే సరి. లోపల పల్లీలు, బఠాణీలు వద్దు, ఈ వయసు పిల్లల గొంతుకి అడ్డం పడతాయి.

భోజనానికి వనభోజనం ఘట్టం. కృష్ణుడు మధ్యలో, పిల్లలు చుట్టూ తామర రేకుల్లా కూర్చుని తిన్నారు. కంచాలు ఆకులు, పువ్వులు. కృష్ణుడి చేతిలో పెరుగన్నం ముద్ద, వేళ్ళ సందుల్లో నంచుకునేవి. బఫే తీసేసి చాపలు వేయిస్తున్నాను. మోదుగాకు విస్తళ్ళలో దద్దోజనం, పులిహోర, వెన్న రాసిన అటుకుల దోసె. వాడు మధ్యలో కూర్చుంటాడు.

కేక్ గురించి కొట్టుకోవడం అనవసరం అని నా ఉద్దేశం. పాలల్లో నువ్వులు, బెల్లం కలిపి తాగించి, చిరంజీవుల్ని తలచుకుని, హారతి ఇచ్చాక కేక్ కూడా కోసుకోండి. రెండు విషయాలు మాత్రం గట్టిగా చెప్తాను. కేక్ మీద కృష్ణుడి బొమ్మ పెట్టి దాని మీద కత్తి దించకండి. నెమలీక, వేణువు, వెన్నకుండ చాలు. అలాగే పేపర్ ప్లేట్ల మీద, నేప్కిన్ల మీద స్వామి ముఖం ప్రింట్ చేయించకండి, అది సాయంత్రానికి చెత్తబుట్టలో ఉంటుంది. కొవ్వొత్తి ఊదటం అమ్మకి నచ్చదు. వాడిచేత ఒక దీపం వెలిగిస్తాం, అక్క చెయ్యి పట్టుకుంటుంది.

రిటర్న్ గిఫ్ట్స్ దగ్గర రెండో ఘట్టం గుర్తొచ్చింది. బలరాముడితో కలిసి కృష్ణుడు నది ఒడ్డున ఆటల్లో పడి ఇంటికి రావట్లేదు. రోహిణి పిలిచింది, రాలేదు. అప్పుడు యశోద వెళ్ళి, "ఒళ్ళంతా దుమ్ము నాన్నా, రా స్నానం చేద్దువు. ఇవాళ నీ జన్మనక్షత్రం. శుభ్రంగా తయారై నీ చేత్తో గోదానం చెయ్యాలి" అని బతిమాలుతుంది. పుట్టినరోజున పిల్లవాడికి ఏం వస్తాయో ఆవిడ చెప్పలేదు, వాడు ఏం ఇవ్వాలో చెప్పింది. మనం ఆవుల్ని ఇవ్వలేం. కాబట్టి హాల్ ఊడ్చే అక్క, వాచ్‌మన్ తాత, వాళ్ళ పిల్లలు, వచ్చిన బుజ్జి ఫ్రెండ్స్, అందరికీ ఒకేలాంటి పళ్ళ బుట్ట. వాడే ఇస్తాడు. మధ్యలో ఒక అరటిపండు వాడే తినేసినా ఎవరూ అడ్డుకోకూడదని ముందే చెప్పి పెట్టాను.

బుట్టలో చిన్న చెక్క పిల్లనగ్రోవి కూడా వేద్దామనుకుంటున్నా. పాతిక మంది పిల్లలు ఒకేసారి ఊదితే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఏమంటుందో అని బావ భయం. దాని మీద ఇంకా చర్చ నడుస్తోంది.

వచ్చే వీడియోలో వనభోజనం ఘట్టం పూర్తిగా చెప్పుకుందాం. జై శ్రీకృష్ణ!