పెరటిచెట్టు

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు ప్రాణం నిలబెడతాయంటే, చదువుకున్నదాన్నయివుండీ నేనే నమ్మలేదు ఒకప్పుడు.

మా ఆడపడుచు పుట్టింటికొచ్చి వుండగా, ఏడాదిన్నర పిల్లకి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. వీధి చివర కొత్తగా క్లినిక్కు పెట్టిన కుర్ర డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పిల్ల కళ్ళు చూశాడు, పొట్టమీది చర్మం పట్టి వదిలాడు. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగిచ్చి, ఒక్కోటీ లీటరు నీళ్ళలో కలిపి చెంచాతో పడుతూ వుండమన్నాడు. పాలు మానొద్దన్నాడు. అంతే!

"ఇంజెక్షనేమీ లేదాండీ?" అన్నాను నేను.

"అక్కర్లేదండీ."

ఆ "అక్కర్లేదు" మాకు నచ్చలేదు. "ఈ ఉప్పునీళ్ళకా వదినా ఫీజిచ్చి వచ్చాం?" అంది మా ఆడపడుచు గుమ్మం దాటుతూనే. సాయంత్రం ఆటో ఎక్కి ఇంకో డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. అక్కడ సూదీ పొడిచారు, రంగుల సీసాలూ రాశారు. రెండ్రోజుల్లో పిల్ల తేరుకుంది. ఇంజెక్షన్ మహిమ అనుకున్నాం. డబ్బులిచ్చి కొన్నవి పారెయ్యడమెందుకని ఆ పొట్లాలు కూడా మా అత్తగారు రెండ్రోజులూ పడుతూనే వున్నారన్న సంగతి మాత్రం ఎవరమూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ పొట్లం కథ తర్వాతెప్పుడో చదివాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో కాందిశీకులు లక్షల్లో పశ్చిమ బెంగాల్‌కి వచ్చిపడ్డారు. సరిహద్దు దగ్గర బన్‌గావ్‌లో కలరా. ఆస్పత్రి నేలమీద కూడా రోగులే. సెలైన్ నిండుకుంటోంది. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ అనే ఆయన ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. నూటికి ముప్పై దాకా వున్న చావులు నాలుగు లోపుకి పడిపోయాయి. పేగుల్లో చక్కెర ఉప్పుని చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకెడుతుందిట, ఉప్పు వెంట నీళ్ళు. (స్పృహ తప్పి, తాగలేని స్థితిలో వున్నవాళ్ళకి సెలైన్ తప్పదు. అది వేరే మాట.) ఆయన 2022లో పోయారు. పద్మవిభూషణ్ 2023లో వచ్చింది, చూసుకోవడానికి ఆయన లేకుండా.

మందు దొరికింది కదా, యిక తాగించడమే మిగిలిందనుకుంటాం. అసలు పని అక్కడే మొదలయింది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980లో మొదలుపెట్టి పదేళ్ళలో కోటీ ఇరవై లక్షల పైచిలుకు ఇళ్ళకి ఆడవాళ్ళని పంపింది. మూడు వేళ్ళతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర్ధశేరు నీళ్ళు. తల్లి చేతే కలిపించేవారు. కొన్నాళ్ళకి వేరేవాళ్ళు వచ్చి ఆ తల్లిని అప్పజెప్పించుకునేవారు. ఆమెకి ఎంత బాగా గుర్తుంటే, నేర్పినామెకి అంత జీతం! మన పంతుళ్ళకీ ఈ పద్ధతి పెడితే ఎలా వుంటుందో అనిపించింది నాకు.

తల్లులు పాఠం బాగానే అప్పజెప్పారు. కానీ పిల్లాడికి విరేచనాలైనప్పుడు కలిపిన ఇళ్ళు చాలా తక్కువ. ఎందుకని ఆరా తీస్తే, నేర్పుతున్నవాళ్ళే తమ ఇళ్ళల్లో రోగమొస్తే మాత్రల కోసం వెతుక్కుంటున్నారని తేలింది! తను నమ్మని మాట చెప్పేవాళ్ళ గొంతులోనే తెలిసిపోతుంది కాబోలు. అప్పుడు వాళ్ళకే ముందు అసలు సంగతి విప్పి చెప్పి, నమ్మకం కుదిర్చారు. మగవాళ్ళకి బజార్లలో, మసీదుల్లో చెప్పారు. అప్పటికి గానీ వాడకం పెరగలేదు.

ఇదంతా చదివి నేను పెద్ద జ్ఞానిననుకుంటున్న రోజుల్లోనే, మా పనిమనిషి కొడుక్కి అదే జబ్బు చేసింది. మళ్ళీ ఆ కుర్ర డాక్టరు దగ్గరికే వెళ్ళాం. ఇప్పుడాయనకి కాస్త పొట్ట వచ్చింది, బయట బెంచీ నిండా జనం. మేం నోరు తెరవక ముందే ఇంజెక్షను, యాంటీబయాటిక్ రాసేశాడు.

"ఇదివరకు పొట్లాలే యిచ్చేవారు కదండీ?" అన్నాను వుండబట్టలేక.

ఆయన నవ్వాడు. "ఇస్తే మళ్ళీ రారండీ."

నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు గానీ, నా మొహం మాత్రం చెల్లలేదు.

తప్పెవరిది? తెలిసిన మంచిని పక్కన పెట్టి, గిట్టుబాటయ్యేది చేతిలో పెట్టడం వైద్యుడికి తగదు. ఈ విషయంలో ఆయన్ని నేను పూర్తిగా క్షమించలేను. క్లినిక్కు అద్దె ఆయన కట్టుకోవాలి, నిజమే. పాల్లో నీళ్ళు కలిపేవాడికీ అద్దెలుంటాయి. కానీ ఆయన చదువుకున్న చదువుని మరిపించింది ఎవరు? గుమ్మం దాటుతూనే మూతి విరిచిన నాలాంటి వాళ్ళం కాదూ?

2024లో వెలువడిన ఒక పరిశోధన చూశాక ఈ ప్రశ్న నన్ను మరీ వేధిస్తోంది. కర్ణాటకలో, బీహార్‌లో కొందరిని మామూలు మనుషుల్లా వైద్యుల దగ్గరికి పంపి, ఇంట్లో రెండేళ్ళ పిల్లాడికి విరేచనాలని చెప్పించారు. మందు అమ్మితే వచ్చే లాభం, పొట్లాలు దొరక్కపోవడం పెద్ద కారణాలు కాలేదు. "వీళ్ళకి పొట్లం అక్కర్లేదు" అని వైద్యులు అనుకోవడమే అన్నిటికంటే పెద్ద కారణం. మాకది కావాలి అని నోరు తెరిచి అడిగినవాళ్ళకి దాదాపు రెట్టింపు మందికి రాసిచ్చారట. అడగందే అమ్మయినా పెట్టదంటారు చూడండి! మనకి నచ్చదని ఆయనా, ఆయన యివ్వలేదు కనక మంచిది కాదేమోనని మనమూ. ఈ మొహమాటానికి మధ్యన నలిగేది పాలుతాగే పసివాడు.

మొన్న మా పక్కింటి మనవడిని తీసుకెళ్ళినప్పుడు, కూర్చోగానే "పొట్లాలు రాయండి డాక్టరుగారూ, ఇంజెక్షన్ అవసరమైతేనే" అన్నాను. ఆయన తలెత్తి చూసి, సరేనని పొట్లాలూ, జింక్ మందూ రాసిచ్చాడు.

బయట బెంచీ మీదున్నావిడ మా చేతుల వంక చూసి, "అంతేనా? సూది వెయ్యలేదా?" అంది.

"నేనే వద్దన్నానండీ" అన్నాను గర్వంగా.

ఆవిడ నావైపు ఎగాదిగా చూసి, ఒళ్ళోని పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.